బొట్టు పెట్టి పిలిచిన రక్తపరీక్ష

గిరిప్రసాద్ తన బిడ్డ పెళ్ళికి సొంత అన్నను వాట్సాప్‌లో కార్డు పంపి పిలిచాడు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. రామంతాపూర్ నుంచి నాచారం ఎంత దూరమని? షేర్ ఆటో ఎక్కితే వచ్చేవాడు. ఎక్కలేదు. అన్న మొగిలయ్య ఆ పెళ్ళికి పోలేదు. ఆనాటి నుంచి తమ్ముడితో మాట్లాడనూ లేదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక రోజు పొద్దున చాయ్ తాగుతూ మొగిలయ్య పెట్టుకున్న పని వేరు: చుట్టాలను రక్తపరీక్షకు పిలవడం. నిరుడు అతని పెద్దపేగులో గడ్డ తీశారు. క్యాన్సరే, కానీ తొందరగా దొరికింది, బతికాడు. తండ్రి అదే జబ్బును కడుపునొప్పి అనుకుంటూనే పోయాడు. ఇది తండ్రి రక్తంలో నుంచి దిగిందని పరీక్షలో తేలింది. తోడబుట్టినవాళ్ళకూ ఉండే అవకాశం సగానికి సగమని డాక్టరమ్మ చెప్పింది. ముందే తెలిస్తే ఏటేటా పేగులోకి కెమెరా పంపి చూసి, బొడిపెలు పుట్టగానే తీసేయవచ్చట. కూతురు హరిణి అప్పుడే పరీక్ష చేయించుకుంది. ఆమెకు రాలేదు. మిగిలినవాళ్ళకు వివరంగా చెప్పి రక్తం తీసుకోవడానికి ఆదివారం దవాఖానా నుంచి నర్సు ఇంటికే వస్తుంది.

"అందరికీ ఫోన్ చేసి చెప్త బాపూ," అంది హరిణి.

"ఫోన్ల జెప్తే వానికీ నాకూ ఫరకేముంటది? బొట్టు పెట్టి పిలుస్త."

"రక్తపరీక్షకు బొట్టా?"

"చుట్టాలా కాదా వాళ్ళు?"

"మరి గిరి బాబాయి?"

"వాన్ని పిలవ."

"ఆయనకే ముందు చెప్పాలె బాపూ. రక్తం పడుతుందట. మొలలని ఏదో చూర్ణం మింగుతున్నడు. నేను ఫోన్ జేస్తే, మీ బాపుకు నోరు లేదా, ఆయననే చెప్పమను అని పెట్టేసిండు."

మొగిలయ్య గ్లాసు కింద పెట్టాడు. "వాన్ని పిలవ," అన్నాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

ఆడవాళ్ళకు బొట్టు పెట్టాలంటే ముత్తైదువ కావాలి. భార్య కౌసల్య పోయి చాలా కాలమైంది. పై వాటాలో అద్దెకుండే రాములమ్మను అడిగాడు. ఆమె భర్త కాజీపేటలో రైల్వే ఉద్యోగి, వారానికోసారి వస్తాడు. రాములమ్మ ఉత్సాహంగా బోనాల నాటి పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని దిగింది. మెట్ల మీదే ఒక షరతు పెట్టింది.

"కుంకుమ చేతిల ఉన్నంతసేపు రోగం పేరెత్తొద్దన్నా. వాళ్ళ ఇంటికి మంచిది గాదు."

మొగిలయ్యకు అది న్యాయమే అనిపించింది. అసలే అది ఆడవాళ్ళ ముందు చెప్పుకోదగ్గ చోట వచ్చిన రోగం కాదు.

మొదట కాప్రాలో చెల్లెలు ఉప్పలమ్మ ఇంటికి పోయారు.

"ఆదివారం పొద్దుగాల ఇంట్ల పనుంది. రావాలె."

"ఏం పనే అన్నా?"

"మంచి పనే. వచ్చినంక తెలుస్తది. మనోళ్ళు ఒక్కలు గూడ తప్పొద్దు."

ఉప్పలమ్మ రాములమ్మ పట్టుచీరను కిందికీ పైకీ చూసింది. "ఈమె ఎవరే?"

"మా ఇంట్లనే ఉంటది."

పై వాటాలో అని చెప్పడం అనవసరం అనుకున్నాడు. అతను జీవితంలో అనవసరమైన మాట మాట్లాడలేదు.

ఆటో కాప్రా దాటకముందే ఉప్పలమ్మ ఫోన్ వేడెక్కింది. శనివారం ఆమె స్వయంగా చూసిపోదామని నాచారం వచ్చింది. వాకిట్లో షామియానా వేస్తున్నారు. ముందు గదిలో నర్సుకు బల్ల వేస్తూ, తగిలి పడుతుందని కౌసల్య ఫోటో తీసి లోపల బియ్యం బస్తా పక్కన పెట్టారు. గోడకు ఉత్త మేకు కనబడింది. ఉప్పలమ్మ వీధిలోకి పోయి గిరిప్రసాద్‌కు ఫోన్ చేసి ఏడ్చింది.

ఆదివారం చుట్టాలు కొత్త బట్టల్లో దిగారు. ఉప్పల్ నుంచి మొగిలయ్య చిన్నాయన కొడుకు నరేందర్ డప్పులవాళ్ళను పట్టుకొచ్చాడు. ఎంతైనా అన్న కదా అని ఉప్పలమ్మ పట్టుపంచె తెచ్చింది. రక్తపరీక్షకు ఇంత సంబరంగా వచ్చారంటే మనవాళ్ళకు ఆరోగ్యం విలువ తెలిసిందని మొగిలయ్య మురిసిపోయాడు.

నరేందర్ దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు. "భయమైతలేదా అన్నా, ఈ వయసుల?"

"మొదలు జర భయముంటది. నాకైతే అయిపోయింది. ఇయ్యాల నీ వంతు."

నరేందర్ భార్య మొగుడి వైపు చూసిన చూపుకు అతను కుర్చీ రెండు వరసలు వెనక్కి జరుపుకున్నాడు.

అప్పుడే గిరిప్రసాద్ వచ్చాడు. డప్పులు ఆగాయి. అతను ఎవరినీ చూడకుండా లోపలికి పోయి, వదిన ఫోటోను గుండెకు హత్తుకుని బయటికొచ్చాడు.

"నాకు అన్నం తినిపిచ్చి పెంచింది మా వదిన. ఆమెను బియ్యం బస్తా పక్కన పెడ్తవా? ఈ పెండ్లి ఎట్లైతదో నేనూ సూస్త!"

"ఎవని పెండ్లిరా?" అన్నాడు మొగిలయ్య. అన్నేళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"నీదే!"

చాయ్ పళ్ళెంతో వస్తున్న రాములమ్మ ఆత్రంగా అడిగింది. "అవునా? ఎవరితోని?"

అందరూ ఆమెనే చూశారు. రాములమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పళ్ళెం కింద పెట్టి, కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కాజీపేటకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"నా పెండ్లాం పెండ్లికి నన్నే పిలవకపోతిరి!" అన్నాడు ఆమె భర్త. "బొట్టు లేదు, ఏం లేదు!"

షామియానా అంతా నవ్వింది. మొగిలయ్య నవ్వలేదు. తమ్ముడిని చూస్తున్నాడు. మెడ సన్నబడింది. చొక్కా వదులైంది.

"రక్తం పడుతుందా?"

గిరిప్రసాద్ ఫోటో అద్దాన్ని చొక్కాతో తుడిచాడు.

"బాపుకు గిట్లనే మొదలైంది. నాకు గూడ. ఇది మన రక్తంల ఉన్న రోగం. నన్నే నోటితోని చెప్పమన్నవట. చెప్తున్న. కూసో. చెయ్యి సాపు."

గిరిప్రసాద్ ఒళ్ళో వదిన ఫోటో పెట్టుకుని చెయ్యి చాపాడు. లోపలి నుంచి నర్సు వచ్చి సూది దించింది. ఏం చేయాలో తోచక డప్పులవాళ్ళు మళ్ళీ వాయించారు.

ఫలితాలు వచ్చాయి. ఉప్పలమ్మకు రాలేదు. "బాపు నాకెన్నడేమిచ్చిండు గనక," అని ఆమె మూతి తిప్పింది. గిరిప్రసాద్‌కు వచ్చింది. కెమెరా పంపితే బొడిపెలు దొరికాయి, అప్పుడే తీసేశారు. ఇంకా క్యాన్సర్‌గా మారలేదు. ఇంకొన్నాళ్ళు ఆ చూర్ణమే మింగుతూ కూర్చుంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పబోయి ఆగింది. ఇకనుంచి అన్నదమ్ములిద్దరికీ ఏటేటా కెమెరా తప్పదు. గిరిప్రసాద్ బిడ్డ కూడా పరీక్షకు ఒప్పుకుంది.

దవాఖానా మెట్లు దిగుతూ గిరిప్రసాద్ అన్నాడు. "ఒక్కటి మాత్రం మర్చిపోనన్నా. అందరికీ బొట్టు పెట్టినవ్. నన్ను పిలవలేదు. నేనే నయం, కార్డన్న పంపిన."

మొగిలయ్య గబగబా కింది మెట్టు దిగి ఆటోను పిలిచాడు.

మరుసటి ఏడు, కెమెరాకు ముందు రోజు, అతను రాములమ్మను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో రామంతాపూర్ పోయాడు. ఆమె గిరిప్రసాద్ భార్యకు బొట్టు పెట్టింది. అతను తమ్ముడికి పెట్టాడు.

"రేపు మనిద్దరికీ కెమెరా. ఏం తినకుంట రావాలె."

గిరిప్రసాద్ నొసటి కుంకుమ తడుముకున్నాడు. "అయితే నా బిడ్డ పెండ్లి ముచ్చట అయిపోయినట్టేనా?"

"ఆ ముచ్చట నేను ఇంకెన్నడూ ఎత్తను."

"మరి నీ పెండ్లి ముచ్చట?"

ఆ రెండు పెళ్ళిళ్ళ గురించీ మొగిలయ్య మళ్ళీ నోరు విప్పలేదు.