చుక్క పెట్టాలా వద్దా

ఆ ఉదయం చెయ్యాల్సిన పని చాలా చిన్నది. బావ, బావమరిది పెందలాడే ఆఫీసుకు రావాలి. తాము తయారు చేస్తున్న ప్రోగ్రామింగ్ భాషలో మిగిలిన ఒక్క తగువూ తేల్చుకోవాలి. లాండ్రీల యజమాని వచ్చేసరికి, ఆ భాషలో రాసిన ఆజ్ఞలతో బట్టలుతికే మెషిన్‌ను నడిపి చూపించాలి. ఆయనకు బోలెడు లాండ్రీలు. ఆయన ఒప్పుకుంటే ఆఫీసు బతుకుతుంది.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో అక్క కాఫీ గ్లాసులు చేతికిస్తూ చెప్పేసింది. అక్క అంటే బావకు భార్య, బావమరిదికి తోడబుట్టింది, ఆఫీసు మొత్తానికి యజమానురాలు.

"ఇవాళ తేలకపోతే రేపట్నుంచి ఇద్దరూ మా నాన్న రంగుల కొట్లో డబ్బాలు మోయండి. మీ కోసం రెండు స్టూళ్లు కూడా వేయించాడు."

బావ ముఖం పాలిపోయింది. మామగారు ఆయన్ని "అల్లుడుగారూ" అంటూనే నిచ్చెన ఎక్కిస్తారు. బావమరిదికి అంతకన్నా భయం. కన్నతండ్రి కాబట్టి అతనికి ఆ "గారు" కూడా దక్కదు.

తగువు ఇదీ. ప్రతి ఆజ్ఞ చివరా చుక్క పెట్టాలని బావ. అక్కర్లేదు, కిందివరసలోకి వెళ్తే చాలని బావమరిది. ఏడాదిగా ఇదే గొడవ. ఇంట్లో ఒకరికొకరు ఉప్పు అందించుకోవడం కూడా మానేశారు.

"చుక్క లేకపోతే ఆజ్ఞ ఎక్కడ అయిపోయిందో మెషిన్‌కి ఎలా తెలుస్తుందిరా?"

"వరస అయిపోయిందని కనిపిస్తోంది కదా బావా!"

"మెషిన్‌కి కళ్లెక్కడివిరా?"

"మరి నీ చుక్కను దేంతో చూస్తుంది?"

అక్క మధ్యలో దూరింది. "ఆ గోల సరే. ఒక ఆజ్ఞ ఇచ్చాం, మెషిన్ ఆ పని చెయ్యలేకపోయింది. అప్పుడేం చేస్తుంది?"

"అది సెమాంటిక్స్" అన్నాడు బావ విసుగ్గా. "ఆజ్ఞకు అర్థమేంటన్న సంగతి. మేం మాట్లాడేది సింటాక్స్. ఎలా రాయాలో తేలితే అర్థం దానంతటదే వస్తుంది."

"ఈ ఒక్క విషయంలో బావ చెప్పింది కరెక్ట్ అక్కా."

ఏడాదిలో వాళ్లిద్దరికీ కలిసిన అభిప్రాయం అదొక్కటే.

లాండ్రీల యజమాని బయల్దేరానని ఫోన్ చేశాకగానీ రాజీ కుదరలేదు. చుక్క పెట్టినా చెల్లుతుంది, పెట్టకపోయినా చెల్లుతుంది. చుక్క ఉన్న ఆజ్ఞల్ని బావ రాసిన భాగం నడుపుతుంది, లేనివాటిని బావమరిది రాసిన భాగం. మెషిన్ పనుల్ని కూడా ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నారు. నీళ్లు పట్టడం, సబ్బు వెయ్యడం బావమరిది వాటా. బట్టలు తిప్పడం, నీళ్లు వదలడం బావ వాటా. ఎవరి వాటా ఆజ్ఞల్ని వాళ్లు తమ పద్ధతిలోనే రాశారు.

పని కుదరకపోతే ఏం చెయ్యాలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు. బావ భాగంలో అయితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆయన జీవితం అలాగే నడిచింది. బావమరిది భాగంలో అయితే కుదరని పని వదిలేసి తర్వాతదానికి పోవాలి. అతని చదువు అలాగే నడిచింది. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. చదివితే ఒప్పుకున్నట్టవుతుందని.

యజమాని ఒక మూట తెల్ల దుప్పట్లు, ఒక పెద్ద క్యాను సబ్బునీళ్లు పట్టుకొచ్చాడు. దుప్పట్లలో ఎవరిదో మేజోడు ఉండిపోయింది. మెషిన్ నీళ్లు పట్టింది, క్యానులోంచి సబ్బు లాక్కుంది, తిప్పింది. నీళ్లు వదలబోతే మేజోడు గొట్టానికి అడ్డంపడింది. బావ భాగం పనిని మొదటికి తీసుకెళ్లింది. నీళ్లు పట్టబోతే తొట్టి నిండుగా ఉంది. బావమరిది భాగం అది వదిలేసి ముందుకు పోయింది. మళ్లీ సబ్బు పడింది. మళ్లీ తిరిగింది. నీళ్లు పోలేదు. మళ్లీ మొదటికి, మళ్లీ సబ్బు.

"చాలా శ్రద్ధగా ఉతుకుతోందే!" అన్నాడు యజమాని.

"మా భాష అలాంటిది సార్" అన్నాడు బావ.

నురుగు మూత నెట్టుకుని బయటికొచ్చింది. నేలమీద పడింది. యజమాని చెప్పుల్ని మింగింది.

"చూస్తారేంటండీ, ఆపండి!" అని అరిచింది అక్క.

బావ కీబోర్డు ముందు కూలబడి "ఆపు" అని కొట్టి చుక్క పెట్టాడు. బావమరిది ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ చుక్క తియ్యి బావా! నీళ్లుండగా మెషిన్ ఆగదు. కుదరకపోతే నీది మళ్లీ మొదటికే తీసుకెళ్తుంది!"

"తీస్తే నీ భాగంలోకి పోతుంది. నీది కుదర్లేదని వదిలేసి పోతుంది!"

ఇద్దరూ అన్నది నిజమే. అందుకే ఎవరూ తగ్గలేదు.

నురుగు తలుపు సందులోంచి వసారాలోకి, అక్కణ్ణుంచి మెట్లమీదికి దిగింది. కింద కాపలాదారు తెల్లగా ఏదో వస్తోందని పైకి చూసి, పొగ అనుకుని ఫైరింజన్‌కి ఫోన్ చేశాడు. వాళ్లు గొట్టాలు లాక్కుంటూ పరిగెత్తుకొచ్చారు.

"నిప్పెక్కడమ్మా?"

"నిప్పు లేదు నాయనా. ఇద్దరు మేధావులున్నారు."

ఊరికే వెళ్తే బాగుండదని వాళ్లు కాసిని నీళ్లు కొట్టారు. నురుగు రెట్టింపయింది. లాండ్రీల యజమాని కాలు జారి, నురుగుతోపాటు మెట్లన్నీ దిగి, వీధిలో నిలిపిన తన కారు దగ్గర తేలాడు. ఆయన వెనకే నురుగంతా ఆ కారుమీద పడింది. దానిమీద ఫైరింజన్ నీళ్లు పడ్డాయి.

అక్క తడుముకుంటూ వెళ్లి ప్లగ్ పీకింది. ఆ ఆజ్ఞ భాషలో లేదు గనక మిగతా ఇద్దరికీ తట్టలేదు.

ముగ్గురూ కిందికి దిగేసరికి యజమాని కారుచుట్టూ తిరుగుతున్నాడు. కారు షోరూంలో ఉన్నట్టు మెరుస్తోంది.

"సార్, ఏమనుకోకండి..." అక్క చేతులు జోడించింది.

"లాండ్రీలకు మీరూ వద్దు, మీ భాషా వద్దు" అన్నాడాయన, చెవిలో నురుగు తీసుకుంటూ. "కానీ కార్లు కడిగే షెడ్లు పెడుతున్నాను. అక్కడ నురుగు ఎంతున్నా చాలదు. ఇలా ఆగకుండా వచ్చేది ఇంతవరకూ ఎక్కడా చూళ్లేదు. ఒప్పందం రాసుకుందాం. ఒకటే షరతు. ఒక్క ముక్క మార్చకూడదు. చుక్కున్నచోట చుక్క ఉండాలి, లేనిచోట ఉండకూడదు. బాగుచేశారో, నేను లేను."

"కానీ సార్, అసలది తప్పు..." అన్నాడు బావ.

అక్క ఆయన కాలు తొక్కింది. "రంగుల కొట్టు ఇప్పుడు తెరిచే ఉంటుందండీ" అంది నెమ్మదిగా.

బావ సంతకం పెట్టాడు. బావమరిది కిందివరసలో పెట్టాడు.

ఇప్పుడా భాష చాలా షెడ్లలో నడుస్తోంది. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా, కుదరని పనికి రెండు అర్థాలేమిటి, ఇది తప్పు కదా అని అడిగితే, బావా బావమరిదీ ఒక్కటై మీదపడతారు.

అది తప్పు కాదట, కావాలని చేసిన రూపకల్పనట.