ఏడుగురు అధ్యక్షులు, ఒక గోడ

పదిహేనేళ్ళ అమ్ములు ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తాను కొత్తగా పెట్టిన సేవాసంస్థ తరఫున వృద్ధాశ్రమం భోజనాల గది గోడకు రంగు వెయ్యాలి, అంతే. ఆమె మాట నమ్మి వార్డెన్ బల్లలన్నీ వరండాలోకి మోయించింది.

"భోజనాల వేళకి గోడ మెరిసిపోవాలి. మాట తప్పావో, మళ్ళీ నీకు గేటు తియ్యను," అంది వార్డెన్.

సాయానికి పిలిచిన ఆరుగురు స్నేహితులూ వచ్చారు, తలా ఒక బ్యానరు చంకలో పెట్టుకుని. సంస్థ పెట్టినందుకు బడిలో అమ్ములుకు చప్పట్లు మోగడం చూసి, రాత్రికి రాత్రే తలా ఒక సంస్థ పెట్టేశారు.

"నువ్వు నా సంస్థలో సభ్యుడివి కదరా?" అంది అమ్ములు, పక్కింటి కళ్ళజోడు కుర్రాడితో.

"అది నిన్న. ఇవాళ నేనూ అధ్యక్షుణ్ణే. నువ్వే నా దాంట్లో చేరకూడదూ?"

"చచ్చినా చేరను!"

అధ్యక్షులు బ్రష్షు పట్టుకుంటే పదవికి చిన్నతనం. అందుకని ముందు బ్యానర్లన్నారు. ఎవరిది మధ్యలో ఉండాలో తేలక, అందరూ ఒకేసారి మేకులు కొట్టారు. అమ్ములూ ఏమీ తక్కువ తినలేదు. అందరికంటే పెద్ద మేకు ఆమెదే. చెమ్మ పట్టిన గోడ ఎంతకని ఓర్చుకుంటుంది? తలుపంత పెచ్చు ఊడి, రెండు రంగు డబ్బాల్లో ఒకదాని మీద పడింది. డబ్బా దొర్లింది. రంగు గదంతా పారి వార్డెన్ చెప్పుల దాకా వెళ్ళింది.

"నీ మేకే!" "కాదు, నీదే!" అని ఏడుగురూ అరుచుకుంటుండగా భోజనాల గంట మోగింది. పెద్దవాళ్ళంతా కంచాలతో గుమ్మంలో నిలబడ్డారు. అమ్ములుకు తల కొట్టేసినట్టయింది.

వాళ్ళలో ఒకావిడ రిటైరైన డ్రిల్లు టీచరు. గదిని ఓసారి కలయజూసి కంచం పక్కన పెట్టింది. "అన్నం ఎక్కడికీ పోదు. ముందు ఆ పెచ్చులెత్తండి. మిగిలిన డబ్బా ఇటివ్వండి."

"నాకు నడుం వంగదు. పై గోడ నాది," అన్నాడొక తాత.

"నాకు చెయ్యి పైకి లేవదు. కింది గోడ నాది," అందొక అవ్వ.

అమ్ములు తన బ్యానరు పీకి, రంగు చిందకుండా నేల మీద పరిచింది. "నేనేం చెయ్యను బామ్మగారూ?" అని డ్రిల్లు టీచర్ని అడిగింది.

"ఇంతకీ నువ్వెవరు ఇక్కడ?"

"అధ్యక్షు... ఎవరూ కాదండీ."

"అయితే పనికొస్తావు. నిచ్చెన పట్టుకో."

పెచ్చూడిన చోటు తప్ప గోడంతా తెల్లబడింది. గేటు దగ్గర వార్డెన్, "వచ్చే ఆదివారం వరండా. నువ్వొక్కదానివే రా," అంది. అమ్ములుకు ఆ మాట ఏ చప్పట్లకంటే కూడా తియ్యగా వినిపించింది.

మర్నాడు బడిలో ఆరు సంస్థలు ఆ గోడను తమ తొలి విజయంగా ప్రకటించుకున్నాయి. దానికి నిజంగా రంగు వేసిన తాతల, అవ్వల సంఘానికి మాత్రం ఇప్పటికీ అధ్యక్షుడు దొరకలేదు.