కమిటీ లేని సామరస్యం ఎందుకు పనికొస్తుంది?

మతసామరస్యానికి ముందుగా కావలసింది కమిటీ. కమిటీకి ఒక కార్యదర్శి, కార్యదర్శికి ఒక రబ్బరు స్టాంపు, అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. ఇవేవీ లేకుండా ఎక్కడైనా మూడు మతాలవాళ్ళు కలిసిమెలిసి బతుకుతున్నారంటే దాన్ని సామరస్యం అనకూడదు. అది వట్టి అలవాటు. అలవాటుకి ఎవరైనా సర్టిఫికెట్ ఇస్తారా?

నమ్మకం కుదరకపోతే పోర్ట్‌బ్లెయిర్‌లో డెలానీపూర్ దాకా వచ్చి చలపతి గారిని చూడండి. టెక్కలి దగ్గర పుట్టి, గుమాస్తా ఉద్యోగం మీద ఓడెక్కి వచ్చి, మెయిన్‌ల్యాండ్ మాట మరిచిపోయి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయనా, బడిపంతులమ్మ అయిన ఆయన భార్య శారదాదేవీ, కూతురు జాహ్నవీ పంతొమ్మిదేళ్ళుగా ఒకే క్వార్టర్స్‌లో ఉంటున్నారు. ఆ పంతొమ్మిదేళ్ళూ సామరస్యం అంటే ఏమిటో తెలియకుండానే గడిచిపోయాయంటే, ఎంత అన్యాయం!

వాళ్ళకి ఎడంపక్క ఇల్లు సుబైదాది. భర్త ఓడమీద పనిచేస్తాడు, నెలకి ఇరవై రోజులు సముద్రంలోనే. కుడిపక్క ఇల్లు సిసిలియాది. ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ తాతగారు ఎప్పుడో రాంచీ నుంచి అడవి పనికి వచ్చినవారు. మూడిళ్ళకీ వెనక ఒకటే పెరడు. అందులో మూడు ట్యాపులు, ఆరు నీలం డ్రమ్ములు.

నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి. ముప్పావుగంట వస్తాయి. ఏ వేళకి వస్తాయో మాత్రం ట్యాపు విప్పే పరమాత్ముడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇలాంటి చోట అందరిదీ ఒకటే మతమైతే ఏమవుతుందో ఆలోచించారా? వినాయకచవితి నాడు అందరూ పూజలోనే ఉంటారు, అదే ముప్పావుగంట నీళ్ళొచ్చి పోతాయి, వినాయకుడి బొజ్జ నిండినా ఆరు డ్రమ్ములూ ఖాళీ కడుపుతో కూర్చుంటాయి! మూడు మతాలున్నాయి గనక ఆ బాధ లేదు. చవితి నాడు చలపతి గారి డ్రమ్ములు సుబైదా నింపేది. రంజాన్ నాడు సుబైదా డ్రమ్ములు సిసిలియా నింపేది. క్రిస్మస్ పొద్దున్న సిసిలియా చర్చికి పోతే శారదాదేవి చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండిళ్ళ ట్యాపులూ ఒకేసారి చూసుకునేది. ఆఫీసులో సెలవులూ అంతే. నీ పండక్కి నీ బదులు నేను సంతకం పెడతాను, నా పండక్కి నువ్వు పెట్టు. ఇంతకన్నా గొప్ప జాతీయ సమైక్యత ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

కాని ఎవరూ దానికి పేరు పెట్టలేదు. అదే లోపం.

ఆ లోపం పోగొట్టడానికి దేవుడు, అంటే ఏ దేవుడో తేల్చి చెప్పలేం గాని, చలపతి గారిని ఒకరోజు వర్క్‌షాపుకి పంపాడు. 'మత వైవిధ్యం: బలమా, బలహీనతా?' అన్నది విషయం. ఫైలు ఇచ్చారు, పెన్ను ఇచ్చారు, రెండు సమోసాలు ఇచ్చారు. చలపతి గారు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే భార్యని పిలిచారు.

"శారదా, మనం మూడు మతాలవాళ్ళం సామరస్యంగా ఉంటున్నామే."

"ఉంటున్నాం. అయితే ఏంటిప్పుడు?"

"ఉంటున్నట్టు ఎక్కడా రికార్డు లేదు."

ఊరకున్న ప్రాణానికి ఉరి తెచ్చుకోవడం అని మన పెద్దలు ఏదో అన్నారు గాని, వాళ్ళకి వర్క్‌షాపులు తెలియవు. వారం తిరక్కుండా కమిటీ ఏర్పడింది. చలపతి గారు కార్యదర్శి. శారదాదేవి హిందూ ప్రతినిధి, సుబైదా ముస్లిం ప్రతినిధి, సిసిలియా క్రైస్తవ ప్రతినిధి. అప్పటిదాకా సుబైదా అంటే చేపల పులుసు బాగా చేసే సుబైదా. సిసిలియా అంటే జ్వరం వస్తే అర్ధరాత్రైనా తలుపు తీసే సిసిలియా. ఒక్క కాగితంతో ఇద్దరికీ ఎంత హోదా వచ్చిందో చూడండి!

వీధి చివరింటి యర్రమ్మ దగ్గర మాత్రం కాస్త చిక్కొచ్చింది. ద్వీపంలోనే పుట్టి, ద్వీపంలోనే ముసలైన మనిషి. మంగళవారం హనుమంతుడి గుడి, శుక్రవారం దర్గా, ఆదివారం చర్చి. ఫారంలో గడి ఒక్కటే ఉంది, ఏదో ఒకటి చెప్పమని చలపతి గారు ఎంతో మర్యాదగా అడిగారు.

"మూడిటికీ ఎల్తాను బాబూ. ఇన్నేళ్ళూ ఏ దేముడూ ఒద్దన్లేదు. నీ కాయితానికేటి కట్టం?" అందావిడ.

ఆవిణ్ణి 'ఇతరులు' అన్న గడిలో వేశారు. పుట్టి పెరిగిన వీధిలో డెబ్భై ఏళ్ళకి ఇతరులైపోవడం అందరికీ పట్టే అదృష్టమా?

ఆ తర్వాత నిబంధనలు వచ్చాయి. ఒకరి మనోభావాలు ఒకరు గాయపరచకూడదు. మంచిదే. కాని గాయపడాలంటే ముందు అవి ఉండాలి కదా! ఆ పెరట్లో అప్పటికి ఎవరిదగ్గరా లేవు. అందుకని కమిటీయే ఇంటింటికీ పంపిణీ చేసింది.

అన్నిట్లోకీ గొప్పది ఏడో నిబంధన. 'ఒకరి ఇంట పండుగ గాని, శుభకార్యము గాని జరుగునప్పుడు ఇతర మతస్థులు వారి పాత్రలను, పూజాసామగ్రిని తాకరాదు' అని వర్క్‌షాపు ఫైల్లో నమూనా ఉంది. చలపతి గారు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. పాత్రలు అన్నాక డ్రమ్ములు కూడా పాత్రలే కదా అనుకుని 'నీటి డ్రమ్ములు, ట్యాపులు సహా' అని స్వహస్తాలతో చేర్చి, హిందీలో టైపు చేయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి పెరటి గోడకి అంటించారు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. గ్రూపులో రోజూ పొద్దున్నే మూడు రంగుల పావురాలు ఎగిరేవి. రంజాన్‌కి వచ్చే బిర్యానీ గిన్నె ఆగిపోయి, దాని బదులు శుభాకాంక్షల కార్డు వచ్చింది. క్రిస్మస్ కేకు మీద, అందులో కోడిగుడ్డు ఉందో లేదో తెలిపే చీటీ వచ్చింది. ఆ చీటీ చదువుకుంటూ కూర్చుంటే కేకు రుచి తెలియలేదని శారదాదేవి అంది. ఆవిడకి సామరస్యం అంతగా ఒంటబట్టలేదు. పంతొమ్మిదేళ్ళుగా 'దీదీ' అంటూ సరాసరి వంటింట్లోకి వచ్చే సుబైదా, ఇప్పుడు తలుపు కొట్టి గుమ్మం బయట నిలబడి 'శారదాదేవి జీ' అనేది.

చలపతి గారు మాత్రం వర్క్‌షాపువాళ్ళు పంపిన 'ఆదర్శ సామరస్య నివాసం' అన్న సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించారు.

ఇంతలో జాహ్నవి నిశ్చితార్థం కుదిరింది. అబ్బాయివాళ్ళు ఫెరార్‌గంజ్ నుంచి అరవై మంది వస్తారు. పన్నెండింటికల్లా దిగుతారు, భోజనాలు పెరట్లోనే. ఒక్కగానొక్క కూతురు, మొదటి శుభకార్యం. కాబోయే వియ్యాలవారి ముందు మాట రాకూడదని చలపతి గారికి వారం రోజులుగా నిద్ర లేదు. పప్పు నుంచి పాయసం దాకా అన్నీ రాసుకున్నారు. ముందే వచ్చిన చుట్టాలు డ్రమ్ములు ఖాళీ చేశారు గాని, ఆ రోజు నీళ్ళొచ్చే రోజే.

పొద్దున్న ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ పూజకని గుడికి వెళ్ళారు. ట్యాపు దగ్గర ఒకరుండాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పంతొమ్మిదేళ్ళుగా తట్టవలసిన అవసరం రాలేదు.

పదింటికి తిరిగొచ్చేసరికి, తొమ్మిదిన్నరకి దిగిన వంటవాళ్ళు గాడిపొయ్యి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, నిప్పు కూడా ఉంది. చలపతి గారు డ్రమ్ము మూత తీసి చూశారు. అడుగు కనిపించింది. రెండోది తీశారు. అదీ అంతే. మూడు రోజుల దాకా మళ్ళీ చుక్క రాదు, రెండు గంటల్లో అరవై మంది వస్తారు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆయన గిలగిల్లాడిపోయారు.

పక్కన సుబైదా డ్రమ్ములు రెండూ అంచుదాకా నిండి ఉన్నాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అటుపక్క గుమ్మంలో సిసిలియా.

"నీళ్ళొచ్చాయా దీదీ?" అన్నారు చలపతి గారు.

"వచ్చాయి భయ్యా. ఫుల్ ప్రెషర్."

"మరి మా ట్యాపు..."

సుబైదా గోడమీది కాగితం వంక చూసింది. తర్వాత కాళ్ళవంక చూసుకుంది.

"దగ్గరికెళ్ళా. చెయ్యి పెట్టా కూడా. ఫిర్ డర్ లగా భయ్యా, భయమేసింది. మన జాహ్నవి శుభకార్యం. నా చెయ్యి తగిలాక రేపేదైనా జరిగితే, దానివల్లే అంటారేమోనని తీసేశా."

సిసిలియా కూడా ట్యాపు దాకా వెళ్ళి వెనక్కొచ్చిందని ఆవిడ ముఖం చూడగానే తెలుస్తోంది.

శారదాదేవి బడికి పోయిన రోజుల్లో జాహ్నవికి చేపముల్లు తీసి, ముద్ద చేసి తినిపించిన చెయ్యి అది. ఆ చేతికి భయం నేర్పించింది ఎవరు? మతమా? ఏ మతానికీ ఆ పెరట్లోకి వచ్చి కాగితం అంటించే తీరిక లేదు. అంటించిన మనిషి ఖాళీ డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నారు. ఆయనకి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. కొత్త సిల్కు కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

అయినా గుమాస్తా గుమాస్తాయే. తప్పు జరిగితే కాగితం మీదే దిద్దాలి. గబగబా లోపలికి వెళ్ళి లెటర్‌హెడ్ తీసి, 'ఏడవ నిబంధనను తక్షణం రద్దు చేయుటకు తీర్మానించడమైనది' అని రాసి, స్టాంపు వేసి, ముగ్గురు ప్రతినిధుల సంతకాల కోసం పెన్ను పట్టుకుని బయటికొచ్చారు.

ఈలోగా పెరట్లో పని మొదలైపోయింది. శారదాదేవి పట్టుచీర మోకాళ్ళపైకి దోపుకుని, తలుపు తట్టకుండా సుబైదా వంటింట్లోకి వెళ్ళి రెండు బకెట్లు తీసుకొచ్చింది. సుబైదా ముంచుతోంది, సిసిలియా మోస్తోంది, శారదాదేవి పొయ్యిమీది గంగాళంలో పోస్తోంది.

"ఇదిగో, ఇక్కడ సంతకాలు పెడితే రూలు పోతుంది. అప్పుడు మోయొచ్చు," అన్నారు చలపతి గారు.

"చేతులు తడిగా ఉన్నాయి. ఆ కాగితం పక్కన పెట్టి ఈ బకెట్టు పట్టుకోండి," అంది శారదాదేవి.

ఆయన పట్టుకున్నారు. అరవై మందీ తిన్నారు. పప్పుచారు బాగుందని వియ్యపురాలు రెండోసారి పోయించుకుంది. అది ఏ మతం నీళ్ళతో కాచిందో ఆవిడ అడగలేదు, అడిగినా చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

కాబట్టి కమిటీ గురించి తొందరపడి ఎవరూ చెడ్డగా మాట్లాడకూడదని మనవి. ఆ తీర్మానం మీద ఇప్పటిదాకా సంతకాలు పడలేదు. చలపతి గారు అడిగినప్పుడల్లా ముగ్గురు ప్రతినిధుల చేతులూ తడిగానే ఉంటున్నాయి. చట్టప్రకారం ఏడో నిబంధన నేటికీ అమల్లో ఉంది. మూడు రోజులకోసారి నీళ్ళొచ్చినప్పుడు, ఆ పెరట్లో ఎవరు ఇంట్లో ఉంటే వాళ్ళు దాన్ని ఉల్లంఘిస్తున్నారు.