విజిల్ లేని బండి

“ఈ భూమ్మీద నా కళ్ళు గప్పి నేరం చేయగల మొనగాడు ఇంకా పుట్టలేదు బావా. పుట్టినా వాడికింకా నడక రాలేదు. వచ్చినా, వాడి అడుగుజాడ నా కంట పడకుండా పోయే రోజు క్యాలెండర్లో లేదు!”

మా బావమరిది ఈ మాట అన్నప్పుడు పొద్దున ఏడు గంటలు. వాడి ఎడమకాలికి వాడి చెప్పు ఉంది. కుడికాలికి నాది ఉంది. నేను ఒంటి చెప్పుతో వాడి ఎదురుగానే నిలబడి ఉన్నాను. ఆ సంగతి వాడి కంట పడలేదు.

వాడు బస్సు డిపోలో పోయిన సామాన్ల గదికి గుమస్తాగా ముప్పై ఏళ్ళు చేశాడు. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులూ, డబ్బాలూ, ఒకసారి ఒక కట్టుడు పళ్ళ సెట్టూ కండక్టర్లు తెచ్చి వాడి బల్ల మీద పెట్టేవాళ్ళు. వాడు నంబరు రాసి లేబుల్ కట్టేవాడు. అంతే పని. రిటైరైన మర్నాటి నుంచి మాత్రం “నా సర్వీసులో పన్నెండు వేల వస్తువుల ఆచూకీ కనిపెట్టాను” అని చెప్పుకుంటూ డిటెక్టివ్ అయిపోయాడు. డిపోలో అందరూ వాణ్ణి లేబుల్ అనేవాళ్ళు. మేమూ అదే అంటాం.

నేను బస్సు డ్రైవర్ని. నా భార్య అదే బస్సులో కండక్టర్. ఇరవై ఎనిమిదేళ్ళు ముందు సీట్లో నేను, వెనక తలుపు దగ్గర ఆవిడ. రిటైరయ్యాక ఒక పాత స్కూలు వ్యాను తీసుకుని, లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించాం. బుద్ధి పుట్టినప్పుడల్లా ఏ చెరువు పక్కనో, ఏ గుట్ట కిందో నాలుగు రోజులు మకాం. అన్నీ పీకించాం గానీ వెనక తలుపు దగ్గర కండక్టర్ సీటు మాత్రం ఆవిడ పీకనివ్వలేదు. తన ఇత్తడి విజిల్ కూడా వదల్లేదు.

ఒక విజిల్ అంటే ఆపు. రెండంటే పోనీ. మూడంటే బండి నిండింది, ఎవడు చెయ్యెత్తినా ఆపకు. నాకు ఒళ్ళంతా అదే అలవాటు. రెండు విజిళ్ళు పడకపోతే నా కాలు క్లచ్ మీద నుంచి లేవదు. మా కుక్క కూడా అంతే. డిపోలో పుట్టింది. విజిల్ పడేదాకా వెనక చక్రం పక్కన గుండ్రంగా చుట్టుకుని పడుకుంటుంది. చూసినవాళ్ళు స్పేరు టైరు అనుకుంటారు. అందుకే దాని పేరు స్టెప్నీ.

ఈసారి చెరువు గట్టుకి లేబుల్ కూడా వచ్చాడు. పిలవలేదు. వచ్చాడు. మూడో మంచం లేదు కాబట్టి రెండు మంచాల మధ్య, మనుషులు నడిచే దారిలో పడుకున్నాడు.

“పొద్దున్నే ఏమైందిరా నీకు?” అన్నాను.

“ఏమీ కాలేదు. అదే బాధ. నాలాంటి మెదడు నాలుగు రోజులు ఖాళీగా ఉంటే తుప్పు పడుతుంది బావా. టీ కూడా నేనే చేసుకున్నాను. నేను ఎవరి మీదా ఆధారపడను.” వాడు ఫ్లాస్కు వంచాడు. టీ చుక్క చుక్కగా పడింది. ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. “ఉప్పగా ఉందేమిటి?”

“చక్కెర అనుకుని ఉప్పేసుంటావు.”

“నేనా!” అని నవ్వాడు, నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు.

అప్పుడే నా భార్య స్టెప్నీని నడిపించుకుని గట్టు మీద నుంచి వచ్చింది. ఆ రోజే మా తిరుగు ప్రయాణం. ప్రయాణం రోజు పొద్దున్నే విజిల్ని స్టీలు మగ్గులో నానేసి వాకింగుకి వెళ్ళడం ఆవిడ అలవాటు. నోట్లో పెట్టుకునేది కదా మరి. నేరుగా వ్యాన్లోకి వెళ్ళింది. గిన్నెలు కదిపిన చప్పుడైంది. తర్వాత తలుపులో నిలబడింది.

“డ్రైవర్ గారూ.”

మామూలుగా ఆవిడ నన్ను ‘ఏమయ్యా’ అంటుంది. డ్రైవర్ గారూ అందంటే నాకు ఛార్జిషీటు వచ్చినట్టే.

“నా విజిలేది?”

“మగ్గులో ఉంటుంది.”

“మగ్గు కడిగి బోర్లించి ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు మగ్గు కడగడం నేను చూడలేదు. ఇవాళ కడిగారంటే దాచాల్సింది ఏదో ఉంది.”

“నేను కడగలేదే!”

“మొన్న ఏమన్నారు?”

మొన్న అన్న మాట నిజమే. సందులో వ్యాను వెనక్కి తీస్తుంటే ఆవిడ పదకొండు విజిళ్ళు వేసింది. నాకు చిర్రెత్తి, “ఆ విజిల్ని తీసుకెళ్ళి చెరువులో పారేస్తే గానీ నా ప్రాణానికి సుఖం లేదు” అన్నాను. ఇప్పుడు మా ఎదురుగా చెరువు ఉంది. విజిల్ లేదు.

“నాలుగింటికి రోడ్డు మీదికి బస్సొస్తుంది,” అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “ఈలోగా విజిల్ నా చేతికొచ్చిందా సరే. రాకపోతే నేనూ స్టెప్నీ ఆ బస్సులో పోతాం. మీరు హాయిగా, చప్పుడు లేకుండా, మీ వ్యాన్లో ఎక్కడికైనా తిరగండి. మళ్ళీ నన్ను ఇందులో ఎక్కమని మాత్రం అడక్కండి.”

అని సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ టికెట్టు కొట్టాక వెనక్కి తీసుకున్న చరిత్ర లేదు. వెనక సీటు ఖాళీగా పెట్టుకుని బండి నడపడం నా వల్ల అవుతుందా?

“ఎవ్వరూ కదలకండి!”

లేబుల్. ఎర్రటి ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చాడు. చేతిలో పేపరు చదివే భూతద్దం. మెడలో లేబుళ్ళ కట్ట.

“అక్కా, కన్నీళ్ళు తుడుచుకో.”

“నేనేడవడం లేదురా.”

“దుఃఖం గడ్డకట్టిందన్నమాట. పాపం.” మగ్గుకి ఒకటో నంబరు లేబుల్ కట్టాడు. భూతద్దంతో చుట్టూ చూశాడు. “మగ్గు ఎందుకు కడిగారు? వేలిముద్రలు చెరపడానికి! ఆరితేరిన చెయ్యి ఇది. నెత్తురు చల్లగా ఉన్నవాడు చేసిన పని.”

తర్వాత పొయ్యి దగ్గర నేల మీద ఏదో చూసి మోకాళ్ళ మీద పడ్డాడు. తడి మట్టి అంటిన చెప్పుల గుర్తులున్నాయి.

“బావా! ఇటు చూడు. ఎడమకాలి గుర్తు ఒక రకం. కుడికాలి గుర్తు ఇంకో రకం. రెండు వేరు వేరు చెప్పులు! దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?”

“ఒరేయ్, నీ కాళ్ళ వంక...”

“మాట్లాడకు. వచ్చింది ఇద్దరు మనుషులు. చెరో కాలి మీద గెంతుకుంటూ వచ్చారు. ముఠా!” ఆ గుర్తుల వెంట భూతద్దం పట్టుకుని పాకుతూ వెళ్ళి, సరిగ్గా తన పక్క దగ్గర ఆగాడు. ముఖం పాలిపోయింది. “అమ్మో. నిద్రలో నన్ను కూడా లేపేద్దామనే వచ్చారు. నా కీర్తి వాళ్ళదాకా పోయింది.”

భయానికి ఇంకో గుక్క టీ తాగాడు. మళ్ళీ మొహం వికారంగా పెట్టాడు. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవయ్యాయి.

“ఉప్పు! ఈ చెరువువి మంచినీళ్ళు. మరి ఉప్పెక్కడిది? ఉప్పంటే సముద్రం. సముద్రమంటే ఓడలు. ఓడలంటే స్మగ్లర్లు. అక్కా, నీ విజిల్ ఈపాటికి దేశాలు దాటి ఉంటుంది!”

“నాలుగింటికి బస్సొస్తుందిరా,” అంది నా భార్య చీర మడతపెడుతూ. “దేశాలు దాటిన విజిల్ని ఆలోపు పట్రా.”

వాడు పగలంతా పరిశోధించాడు. స్టెప్నీకి రెండో నంబరు లేబుల్ కట్టి, “పొద్దున అయిదు నుంచి ఏడు దాకా ఎక్కడున్నావు?” అని అడిగాడు. అది ఆవలించింది. “మౌనం అర్ధాంగీకారం” అని పుస్తకంలో రాసుకున్నాడు. నా ఒంటి చెప్పుకి మూడో నంబరు కట్టి, జోడీది ఏదని నన్ను నిలదీశాడు. చూపిస్తే, “నేరస్థులు నా కాలికే తొడిగి పోయారు, ఎంత గుండె ధైర్యం!” అన్నాడు. మధ్య మధ్యలో ఫ్లాస్కు మూతికి నోరు పెట్టి పీల్చడం, తిట్టుకోవడం. నేను కంచాల కింద, పరుపుల కింద, టూల్ బాక్సులో, ఆఖరికి రేడియేటర్ సందులో కూడా వెతికాను. మూడు దాటింది. ఆవిడ సంచీ మూతి కట్టేసింది.

అప్పుడు లేబుల్ మేం వ్యాను నిలిపిన స్థలానికి గేటు కాసే వాచ్‌మన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

“చెప్పు! పొద్దున ఆరింటికి నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. దాస్తే లేబుల్ కట్టేస్తాను.”

వాచ్‌మన్ నా వంక ఇబ్బందిగా చూశాడు. “పెద్దాయన గట్టు చివర నిలబడి, మెరిసేదేదో నీళ్ళలోకి విసిరేశారండి.”

నా భార్య సంచీ మీద చెయ్యి అలాగే పెట్టి నన్ను చూసింది. ఆ చూపుకి ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కిపోయి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

“విసిరావా, లేదా?” అన్నాడు లేబుల్.

“విసిరాను.”

“అక్కా! నేరం ఒప్పుకున్నాడు!”

“విసిరింది విజిల్ కాదు,” అన్నాను. ఇంక దాచి లాభం లేదు. “సిగరెట్ లైటర్. మానేశానని డాక్టరు ముందు నీకు మాటిచ్చాను కదా. మానలేదు. పొద్దున గట్టు మీద ఒకటి కాల్చాను. నాకే సిగ్గేసి, లైటర్ నీళ్ళలోకి విసిరేశాను.”

నా భార్య ముక్కు మీద వేలితో రుద్దుకుంది.

“కిటకిటలాడే బస్సులో ఎవడు బీడీ వెలిగించాడో వాసనతో పట్టుకునేదాన్ని. మీ చొక్కా వాసన నాకు తెలియదనుకున్నారా?”

“తెలిసి ఎందుకూరుకున్నావు?”

“మీ అంతట మీరే పారేస్తారేమోనని.” సంచీ ముడి ఇంకోసారి బిగించింది. “పారేశారు. సరే. కానీ లైటర్తో పాటు విజిల్ కూడా పోలేదని నాకేం నమ్మకం? మొన్న అన్నది మీ నోరే కదా.”

దూరంగా రోడ్డు మీద ఏదో బండి హారన్ వినపడింది. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది.

“ఆగండి!” లేబుల్ వ్యాను మెట్టెక్కి నిలబడ్డాడు. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో ఫ్లాస్కు. “తీర్పు వినకుండా ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు. కాలం ముసుగు తొలగించే ఘడియ వచ్చింది. నిజం నిప్పులాగా బయటికి దూకబోతోంది. ఆ నేరస్థుడు మన మధ్యే ఉన్నాడు. మనతో తిని, మన పక్కనే పడుకుని, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్న ఆ కపటి ఎవరంటే...”

నా వైపు వేలు చూపించాలని ఒకడుగు ముందుకేశాడు. మెట్టు కింద రెండో నంబరు సాక్షి పడుకుని ఉంది. వాడి కాలు, అంటే నా చెప్పు, దాని తోక మీద పడింది.

స్టెప్నీ కుయ్యోమని లేచింది. లేబుల్ గాల్లోకి లేచాడు. భూతద్దం ఒక దిక్కు, లేబుళ్ళు నాలుగు దిక్కులు. ఫ్లాస్కు నేలకి కొట్టుకుని మూత ఊడి, గుడగుడా దొర్లింది. నల్లటి టీ, నానిన ఆకు, వాటి వెనకే ఇంకొకటి, ఎండలో తళుక్కుమంటూ దొర్లి వచ్చి నా భార్య కాళ్ళ దగ్గర ఆగింది.

ఇత్తడి విజిల్.

వాచ్‌మన్ ముందు నవ్వాడు. తర్వాత తప్పు చేసినట్టు నోరు మూసుకున్నాడు.

“ఒరేయ్,” అంది నా భార్య మెల్లగా, “టీకి నీళ్ళెక్కడివిరా?”

లేబుల్ ఆ టీ బురదలో కూర్చునే ఆలోచించాడు. “మగ్గులో వేడినీళ్ళున్నాయి. నా కోసమే పెట్టావనుకున్నాను. ఫ్లాస్కులో పోసి, మగ్గు కడిగి బోర్లించాను. నేను పద్ధతి మనిషిని కదక్కా.”

“పోస్తుంటే చప్పుడవలేదా?”

“టక్‌మంది. చక్కెర గడ్డ అనుకున్నాను.”

“అవి విజిల్ నానేసిన ఉప్పునీళ్ళురా! నోటి మురికి పోవడానికి పోసినవి! పొద్దున్నుంచీ తాగుతున్నావా?”

వాడి మొహం ఆముదం తాగినట్టయింది. అయినా లేచి నిలబడి, కోటు దులుపుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు.

“బావా, ఒప్పుకుంటున్నాను. ఇంత తెలివైన నేరస్థుణ్ణి నా సర్వీసులో చూడలేదు. నన్నే ఏమార్చాడు. అయినా ఏం లాభం? చివరికి నా చేతికే చిక్కాడు. కేసు పరిష్కారమైంది!” వాచ్‌మన్‌తో కరచాలనం చేసి, పేస్టు పట్టుకుని నోరు కడుక్కోవడానికి గేటు దగ్గర కుళాయికేసి పరిగెత్తాడు.

నా భార్య విజిల్ తీసి రుమాలుతో తుడిచింది. ఒకసారి కాదు, అయిదారుసార్లు తుడిచింది. సంచీ భుజం మీద నుంచి దించి వ్యాన్లోకి విసిరింది.

“ఏమయ్యా,” అంది.

ఆ ఒక్క మాటకి నా మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది.

“ఏమయ్యా, అలా చూస్తావేంటి? టైమైంది. బండెక్కు.”

ఎక్కాను. స్టార్ట్ చేశాను. వెనక సీటు కిర్రుమంది. రెండు విజిళ్ళు పడ్డాయి. ఉప్పు నీళ్ళలో, టీలో నానిందేమో, మోత ఇంకా స్వచ్ఛంగా ఉంది. స్టెప్నీ మెడలో లేబుల్‌తో సహా ఒక్క గెంతులో లోపలికొచ్చింది. నా కాలు క్లచ్ మీద నుంచి దానంతటదే లేచింది.

గేటు దాటాక అద్దంలో చూశాను. లేబుల్ రెయిన్‌కోటు ఎగరేసుకుంటూ, మూతి నిండా నురగతో, రెండు చేతులూ ఊపుతూ వెనకే పరిగెత్తి వస్తున్నాడు. ఒక కాలికి ఇంకా నా చెప్పే ఉంది.

ఇప్పుడు ఒక విజిల్ పడుతుంది కదా అని బ్రేకు మీద కాలు పెట్టి సిద్ధంగా ఉన్నాను.

పడింది. ఆగబోయేలోగా రెండోది పడింది. కాస్త తీరిగ్గా, మూడోది కూడా పడింది.

బండి నిండిందన్నమాట. నేను గేరు మార్చాను.