నడుమ నిలిచిన ముల్లు

కారులో ఉండదగిన భాగాలన్నింటిలోకీ ఉత్తమమైనది పనిచేయని టెంపరేచర్ సెన్సర్ అని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

నవ్వకండి. ఇంజిన్ మనల్ని మోస్తుంది. బ్రేకు మనల్ని ఆపుతుంది. మరి ఈ సెన్సర్ చేసేదేమిటి? బొటనవేలంత ఉండి, ఇంజిన్ నీళ్ళలో ముక్కు ముంచుకు కూర్చుని, లోపలి సంగతులు పైకి మోస్తుంది! చాడీలు చెప్పడం తప్ప మరో పని రాని ఆ ఇత్తడి ముక్కకు మనం మర్యాదలు చేయాలా? చెడిపోతే కొత్తది కొని బిగించాలా?

నా మాట మీద నమ్మకం లేకపోతే బాలనర్సింహను చూడండి.

ఆయనది ఉప్పల్ పాత ఊరు. తాతలు వరి పండించిన మడుల్లో కాలనీలు మొలిచాయి. మిగిలిన కాస్త జాగాలో ఆయన వాటర్ ప్లాంట్ పెట్టి, బోరు నీళ్ళు వడకట్టి డబ్బాల్లో అమ్ముతాడు. కాలనీ సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆ బోరు నీళ్ళ గుణం ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. నెల తిరక్కుండా ఫిల్టర్లకు సున్నం గడ్డకడుతుంది. ఆ నీళ్ళు తాగితే కిడ్నీల్లో రాళ్ళు ఖాయమని ఇంటింటికీ తిరిగి చెప్పిందీ ఆయనే.

అవే బోరు నీళ్ళను తొమ్మిదేళ్ళుగా తన కారు రేడియేటర్‌లో పోస్తున్నాడు. అక్కడ పోయాల్సిన కూలెంట్ ద్రవం దండగ. ఫిల్టర్ నీళ్ళు అమ్ముకునేవి. పైగా బండికి కిడ్నీలుంటాయా?

మార్చిలో డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. టెంపరేచర్ ముల్లు పైకెక్కి కూర్చుంది. బాలనర్సింహ బండిని నాచారంలో దుర్గేష్ షెడ్డుకు తోలాడు. దుర్గేష్ ఇరవై ఏళ్ళ కుర్ర మెకానిక్కు. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, రేడియేటర్ మూత తీసి, లోపల వేలు పెట్టి చూశాడు. వేలు తెల్లగా వచ్చింది. రేడియేటర్ సున్నంతో పూడుకుపోయిందనీ, విప్పి కడగాలనీ, రెండు రోజులు బండి వదిలి వెళ్ళమనీ చెప్పాడు.

బాలనర్సింహ నవ్వాడు. బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్కూ ఒక పనికి పది పనులు చూపిస్తాడని ఆయనకు తెలియదా?

"సెన్సర్ ఖరాబైంది. మార్చు."

"సెన్సర్ మంచిగనే ఉన్నదన్నా. అది చెప్తున్నది గదా..."

"మార్చమన్న."

మార్చాడు. కొన్ని నీళ్ళు దించి, పాతది విప్పి, కొత్త వాషర్ వేసి కొత్తది బిగించి, మళ్ళీ నీళ్ళు నింపి, లోపల గాలి మిగలకుండా చూశాడు. పనిలో వంక లేదు. పాత సెన్సర్‌ను మాత్రం పారేయకుండా ఒక రేకు డబ్బాలో వేసుకున్నాడు.

కొత్త సెన్సర్ వారం రోజులు బుద్ధిగా ఉంది. ఎనిమిదో రోజున అదే మాట! అదే ఎర్రలైటు! అంటే ఏమిటి? రెండోది కూడా ఖరాబు. మూడోది మరో దుకాణంలో కొన్నారు. అది మూడు రోజులకే నోరు తెరిచింది. బండితో వచ్చినదొకటి, రెండు దుకాణాల్లో కొన్నవి రెండు, ఒకదాని మొహం ఒకటి చూడనివి, మూడూ ఒకటే సాక్ష్యం చెప్పాయి. ఏ న్యాయమూర్తి అయినా ఇంజిన్‌కు శిక్ష వేసేవాడు. బాలనర్సింహ సాక్షులకు వేశాడు.

మూడు సెన్సర్లు వరసగా చెడాయంటే అది దిష్టి కాక మరేమిటని ఆలోచించి, బండి ముందు గుమ్మడికాయ కొట్టాడు. నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశాడు. దిష్టి పోయింది. లైటు పోలేదు.

ఇంట్లో ఇంకో బాధ. ఆయన భార్య కల్పనకు పది రోజులుగా కారెక్కితే కాలిన రబ్బరు వాసన వస్తోంది. ఎక్కిన ప్రతిసారీ చెబుతోంది.

"నీ ముక్కుల గూడ సెన్సర్ ఖరాబైంది" అన్నాడు బాలనర్సింహ. ఆవిడ ఇక చెప్పడం మానేసింది. చూశారా, ఎంత తేలికగా నయమైందో!

ఈ వైద్యంలో ఆయనది అందె వేసిన చేయి. కాలనీలో త్రిపురసుందరి టీచరని ఒకావిడ ఉన్నారు. రిటైరైన లెక్కల పంతులమ్మ. మూడో గల్లీలో మ్యాన్‌హోల్ మూత పోయిందని కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటో పెట్టేవారు. అధ్యక్షుడి హోదాలో బాలనర్సింహ ఆవిణ్ణి గ్రూపులోంచి తీసేశాడు. ఆ రోజు నుంచి కాలనీలో మ్యాన్‌హోల్ సమస్యే లేదు! గ్రూపు నిండా గుడ్ మార్నింగ్ గులాబీలు.

మూడోసారి దుర్గేష్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయనకు జ్ఞానోదయమైంది. కొత్త సెన్సర్ వద్దు. లైటు రాకుండా చేస్తే చాలు.

దుర్గేష్ తల గోక్కున్నాడు. సెన్సర్ ప్లగ్గులో బియ్యపు గింజంత రెసిస్టర్ పెడితే బండి తాను చల్లగానే ఉన్నాననుకుంటుంది. ముల్లు నడుమన నిలిచిపోతుంది. ఇక తనంతట తాను తిరగని ఫ్యాన్‌ను మాత్రం బ్యాటరీకి డైరెక్టుగా కలపాలి. ఇదంతా వివరించి, ఆఖరున ఒక మాట అన్నాడు.

"ఇగ ఇంజిన్ కాలినా బండి నీకు చెప్పదన్నా."

"చెప్పకుంటే సాలు."

పాఠకులారా, అప్పటి నుంచి ఆ కారులో కురిసిన శాంతిని ఏమని వర్ణించను? ఉప్పల్ రింగ్ రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న మధ్యాహ్నాల్లో, ఊరంతటికీ చల్లగా ఉన్నది ఆ ముల్లొక్కటే!

మే నెల వచ్చింది. కూతురు మానసకు ఎంట్రెన్స్ పరీక్ష. పోయినేడు ర్యాంకు అందక, ఏడాదంతా ఇంట్లో కూర్చుని చదివింది. సెంటర్ నాచారంలో. తొమ్మిదింటికి గేటు మూస్తారు. నిమిషం ఆలస్యమైతే ఏడ్చినా తెరవరు. ఆటో మాట్లాడదామంది కల్పన. అధ్యక్షుడి బిడ్డ ఆటోలో దిగడమా?

ఎనిమిదీ అయిదుకు బాలనర్సింహ తాళం తిప్పాడు. ముల్లు లేచి నడుమకు వచ్చి నిలిచింది. వెనక సీట్లో కల్పన దాన్ని చూసింది. రాత్రంతా చల్లగా నిలబడ్డ బండి, ఇంకా ఇంటి గేటు దాటలేదు. ముల్లు అప్పుడే నడుమకెట్లా వచ్చిందని అడిగింది.

"మంచిగున్నదిగదా" అన్నాడాయన మురిపెంగా.

ఆవిడ మళ్ళీ అడగలేదు. ఫోన్ తీసి ఎవరితోనో నెమ్మదిగా రెండు మాటలు మాట్లాడింది.

రింగ్ రోడ్డు దగ్గరే ఎనిమిదిన్నర. ముందూ వెనకా బస్సులు. ఏసీ గాలి వేడెక్కింది. ముల్లు నడుమనే ఉంది. హబ్సిగూడ సిగ్నల్ దాటి నాచారం రోడ్డు పట్టేసరికి ఎనిమిదీ నలభై. బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఏదో లేచింది. బాలనర్సింహ ముల్లు వంక చూశాడు. ముల్లు నడుమనే ఉంది. కాబట్టి అది పొగమంచు అయి ఉండాలి. మే నెలలో, హబ్సిగూడలో! వైపర్ వేశాడు.

వైపర్ రెండుసార్లు తిరిగింది. ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

ఎనిమిదీ నలభై మూడు. వెనక హారన్లు. ఖాళీ ఆటో ఒక్కటీ లేదు. క్యాబ్ రావడానికి పదకొండు నిమిషాలంటోంది ఫోన్. మానస హాల్ టికెట్ గుండెకు అదుముకుని నిలబడింది. ఏడవడానికి కూడా టైము లేదన్నట్టు గడియారమే చూస్తోంది. బాలనర్సింహ మరోసారి లోపలికి వంగి ముల్లును చూశాడు. తొమ్మిదేళ్ళ బండిలో ఆయనకు మొదటిసారి భయమేసింది.

అప్పుడు పక్కకొచ్చి ఆగింది ఒక స్కూటర్. కల్పన తమ్ముడు నరేందర్. చేతిలో రెండో హెల్మెట్.

"అక్క ఫోన్ చేసింది బావా. రింగ్ రోడ్డు కాడినుంచి ఎన్కనే వస్తున్న."

మానస ఎక్కింది. స్కూటర్ బస్సుల సందులోకి దూరిపోయింది. మొగుడూ పెళ్ళాం కాలుతున్న బండి పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. ఎనిమిదీ యాభై ఏడుకు ఫోన్ మోగింది. గేటు లోపలికి వెళ్ళిందని నరేందర్ చెప్పాడు.

"నీకెట్ల తెల్సింది?" అన్నాడు బాలనర్సింహ.

"పొయ్యి అంటించకముందే అన్నం ఉడికిందంటే ఏ ఆడది నమ్ముతది?" అంది కల్పన. "నిన్ను అడిగిన. నువ్వు మంచిగున్నదంటివి. అందుకే తమ్మునికి చేసిన."

బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కెళ్ళారు. దుర్గేష్ రేడియేటర్ విప్పి నేలకు తడితే తెల్లటి పెచ్చులు రాలాయి. వాటర్ ప్లాంట్ ఓనరుకు ఆ పెచ్చులను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. ఇంజిన్ హెడ్డు వంగిపోయింది. నెల పడుతుందన్నాడు.

తర్వాత దుర్గేష్ రేకు డబ్బా తీసి, ఇంజిన్‌లో ఉన్న మూడో సెన్సర్‌ను కూడా విప్పాడు. మరుగుతున్న నీళ్ళ గిన్నెలో పాత సెన్సర్లను ఒక్కొక్కటిగా ముంచి, మీటర్ వైర్లు పట్టాడు. సెన్సర్ బతికి ఉంటే వేడికి మీటర్‌లో అంకె దిగాలి. మొదటిదానికి దిగింది. రెండోదానికి దిగింది. మూడోదానికీ దిగింది.

"ఒక్కటి గూడ అబద్ధం చెప్పలేదన్నా."

ఆ సాయంత్రం బాలనర్సింహ మూడు సెన్సర్లనూ జేబులో వేసుకుని ఇంటికి వచ్చాడు. కల్పనకు ఇకమీద ఆమె ముక్కు మాటే ఫైనలని చెప్పాడు. నిజంగానే మారాడు! ఎంతగా మారాడంటే, ఫోన్ తీసి త్రిపురసుందరి టీచర్‌ను మళ్ళీ గ్రూపులో చేర్చాడు.

నిమిషం తిరక్కుండా ఆవిడ ఫొటో పెట్టారు. మూడో గల్లీ మ్యాన్‌హోల్. మూత పోయి నలభై ఆరు రోజులు. పడినవాళ్ళు ఇద్దరు. కింద ఒక ప్రశ్న: అధ్యక్షుల వారు ఎప్పుడు చూస్తారు?

బాలనర్సింహ ఆ ప్రశ్నను రెండుసార్లు చదివాడు. ఆవిణ్ణి మళ్ళీ తీసేయడానికి మనసొప్పలేదు. మనిషి మారాడు కదా! గ్రూపును మ్యూట్‌లో పెట్టబోయాడు. ఎనిమిది గంటలా, వారమా, ఎప్పటికీనా అని ఫోన్ అడిగింది.

ఎప్పటికీ అని నొక్కాడు.

గ్రూపు చల్లబడింది. మూడో గల్లీలో అప్పుడే వీధిదీపాలు వెలుగుతున్నాయి. ఆ గుంత పక్కన తప్ప.