ఐదు నక్షత్రాల తొట్టి

మానవజాతి నిప్పును కనుగొన్న తరువాత సాధించిన అతి గొప్ప విజయం, ఆ నిప్పుతో కాచిన నీళ్లను ఎవరూ వాడకుండా కాపాడటం. ఈ విషయంలో మా ఇల్లు నలుగురికీ ఆదర్శం.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మేడ దిగేటప్పుడు మెట్టుకొక చుట్టాన్ని తిడుతుంది (మెట్లు పదిహేడు, చుట్టాలు చాలక ఇరుగుపొరుగుతో సరిపెడుతుంది). రోజూ ఇరవై నిమిషాలు వేడినీళ్లలో కూర్చోమన్నాడు డాక్టరు. పెరట్లోకి హాట్ టబ్ కొందామనుకున్నాం. అయితే కరెంటు తక్కువ తాగేదే కొనాలని నేను పట్టుబట్టాను. తప్పంతా అక్కడే ఉంది.

కొట్టువాడు ఒక తొట్టిని ప్రేమగా తట్టాడు. "ఇదైతే ఐదు నక్షత్రాలు సార్. మూత వేస్తే మూడు రోజులైనా వేడి కదలదు."

"మూత తీస్తే?"

"తియ్యడం ఎందుకు సార్?"

అదే కొన్నాం. ఉష్ణ పొదుపు మండలి నియమం ప్రకారం ఇలాంటి తొట్టిని మూడు నెలలు పరిశీలనలో ఉంచుతారు. నాలుగు నక్షత్రాల కిందికి దిగితే పట్టుకుపోతారు. మండలి యాప్‌లో ముప్ఫై ఒక్క ప్రశ్నలకు జవాబులు రాయాలి. చివరిది, "వేడి నష్టానికి కారణాలు". మేము నిజాయితీపరులం కనుక ఆ గడిలో "అమ్మ" అని రాశాం.

మొదటి రోజు అమ్మ నీళ్లలో కూర్చుని, "హమ్మయ్య! ప్రాణం లేచొచ్చిందిరా" అంది. తిరిగి మేడెక్కేటప్పుడు ఎవరినీ తిట్టలేదు. నాకు కళ్లు చెమర్చాయి. అంతలో ఫోన్ మోగింది: "మీ తొట్టిలో అనధికారిక చల్లబాటు జరిగినందున ఒక నక్షత్రం తగ్గించడమైనది."

మర్నాడు ఉష్ణ నష్ట నివారణాధికారి (రెండవ శ్రేణి) వచ్చి, ముందు మూతకు, తరువాత అమ్మ మోచేతికి థర్మామీటరు ఆనించి చూశాడు.

"ఈవిడ చల్లగా దిగి వెచ్చగా బయటికొస్తున్నారు. ఆ వెచ్చదనం ఎక్కడిదండీ? తొట్టిది కాదూ? కారణం అమ్మేనని మీరే రాసిచ్చారు కూడా."

"కూర్చోడానికి కాకపోతే మరెందుకు నాయనా ఇది?" అంది అమ్మ.

"పొదుపుకమ్మా" అన్నాడు అధికారి, ఎంతో ఓపికగా.

నిజం చెప్పాలంటే, పోయిన నక్షత్రం గుర్తొచ్చి ఆ పూట నాకు ముద్ద దిగలేదు. అమ్మ మోకాళ్లు ఎప్పుడూ ఉండేవే. "నక్షత్రం తిరిగొచ్చేదాకా ఆగమ్మా, తర్వాత హాయిగా దిగుదువుగాని" అన్నాను.

"అలాగేలేరా" అంది అమ్మ. ఆ మాట ఎంత కష్టంగా వచ్చిందో నాకు తెలుసు. తెలిసే మూత బిగించాను. నా భార్య మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు (ఇందువల్ల ఆదా అయిన శక్తికి యాప్‌లో గడి లేదు).

మూడు నెలలు నిండాయి. ఐదో నక్షత్రం వచ్చింది. దానితోపాటు ఉత్తమ తొట్టి పురస్కారం, ఒక ధ్రువపత్రం: "నష్టానికి కారణం: అమ్మ. తొలగించబడినది." అధికారి స్వయంగా వచ్చి ఇత్తడి ఫలకాన్ని మూతకూ తొట్టికీ కలిపి నాలుగు మరలతో బిగించాడు. ఇక ఊడదని హామీ ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫోటో కోసం అమ్మను కిందికి రమ్మన్నాం. గోడ పట్టుకుని మెల్లగా దిగింది. ఈసారి చుట్టాల జోలికి, ఇరుగుపొరుగు జోలికి పోలేదు. పదిహేడు మెట్లకూ నేనొక్కణ్ణే సరిపోయాను.