ఆఫీసులో అప్పగింతలు

ఆ సోమవారం ఉదయం రిపెకా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, తన సీట్లో కూర్చోవాలి, సాయంత్రం దాకా నోరు విప్పకూడదు. విప్పితే లోపల్నుంచి ఏమొస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

ఆక్లాండ్‌లోని ఆ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల పని చేస్తూ పన్నెండేళ్లు నలిగిన మనిషి ఆమె. వరదలొచ్చినప్పుడు మోకాళ్ల లోతు బురదలో ఇల్లిల్లూ తిరిగింది. వైవిధ్య విభాగమని కొత్తది పెట్టి, దానికో అధిపతి కావాలని కంపెనీ ప్రకటిస్తే దరఖాస్తు పెట్టింది. శుక్రవారం సాయంత్రం జవాబొచ్చింది. నాయకత్వంలో ఇంకాస్త పరిణతి రావాలట. పోస్టు మెల్‌బోర్న్ నుంచి వస్తున్న జూలియన్ అనే తెల్లాయనకు ఇచ్చారు. అక్కడి మూలవాసులైన మావోరీలను పైకి ఎలా తేవాలో చెప్పించుకోవడానికి, ఇంట్లో మావోరీని పెట్టుకుని, సముద్రం అవతలి నుంచి తెల్లవాణ్ని దిగుమతి చేసుకున్నారు. పై అంతస్తులో మావోరీ మొహం లేదని అనడానికి వీల్లేదు. ఉంది. గోడ మీద, ఆరడుగుల పోస్టరులో, నవ్వుతూ. ఆ మొహం రిపెకాదే.

తొమ్మిది కాకముందే ఉద్యోగుల విభాగం పెద్ద ఫిలిపా ఆమె సీటు దగ్గరికి వచ్చి వాలింది.

"రిపెకా, బంగారం, ఒక చిన్న సాయం చేసి పెట్టాలి. పదింటికి జూలియన్‌కి మీ పద్ధతిలో స్వాగతం. మీ తెగ ట్రస్టు అధ్యక్షురాలు ఎరానా గారు కూడా వస్తున్నారు. పాడేవాళ్లెవరూ లేరు."

"నన్నడుగుతున్నారా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు? మీ సంస్కృతి కదా!"

"ఆ పోస్టు నాకు రాలేదని మీకు గుర్తుందా?"

"అయ్యో, అది వేరు, ఇది వేరు. అలిస్టర్ గారికి మీ భాషలో నాలుగు ముక్కలు కూడా రాసివ్వు. కంపెనీ అధినేత మాట్లాడకపోతే బాగుండదు."

ఇక్కడ కుర్చీ తీసి కిటికీలోంచి విసరాల్సింది. రిపెకా విసరలేదు. ఎరానా గారు వస్తున్నారన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఆ పెద్దావిడ ముందు స్వాగతం అభాసుపాలైతే పరువు పోయేది కంపెనీది కాదు, తమ జాతిది. ఆ సంగతి ఫిలిపాకు బాగా తెలుసు. తెలిసే అడిగింది.

నాలుగు ముక్కలు రాసిచ్చింది. కింద అర్థం కూడా రాసింది. "మీరు తెచ్చిన మనిషిని మా మనిషిగా తీసుకుంటున్నాం. ఈ కుర్చీ ఆ మనిషిదే. ఇక్కడ ఎవరూ కాదనరు." తర్వాత ఫిలిపా నెత్తిన నిలబడి ఉండగానే పిన్ని పారెహుయాకు ఫోను చేసింది.

"పిన్నీ, పదింటికి మా ఆఫీసులో కొత్త హెడ్డుకి స్వాగతం. పాడేవాళ్లు కావాలి. ఓ నలుగురు రాగలరా?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"వస్తాం తల్లీ. రాకుండా ఎలా ఉంటాం?" అని పిన్ని ఫోను పెట్టేసింది.

ఇప్పుడు పిన్ని వైపు నుంచి చూడండి. మావోరీల్లో కొత్త కొలువులో చేరే మనిషిని ఒంటరిగా పంపరు. అయినవాళ్లంతా వెంట వెళ్లి, ఇదిగో మా బిడ్డ, కడుపులో పెట్టుకు చూసుకోండి అని అప్పగించి వస్తారు. రిపెకా ఆ పోస్టుకి దరఖాస్తు పెట్టిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. రాలేదన్న సంగతి సిగ్గుపడి ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను చేసి స్వాగతానికి రమ్మంటోంది. ఉద్యోగం లాక్కున్నవాడికి మంగళహారతి పట్టడానికి సొంతవాళ్లను రమ్మంటుందని లోకంలో ఏ పిన్నికైనా తోస్తుందా? పిల్ల గొప్ప చెప్పుకోలేక అలా అన్నదనుకుంది.

పది కావస్తుండగా రిపెకా కింది హాల్లోకి దిగింది. అద్దాల తలుపుల బయట రగ్బీ క్లబ్బు బస్సు ఆగి ఉంది. అందులోంచి తమవాళ్లుండే మాంగెరె పేట వీధి సగం దిగుతోంది. నల్లబట్టల్లో అత్తలు, పెళ్లినాటి సూటు బిగించుకుని చేతికర్ర పట్టిన మేనమామ హోహెపా, చక్రాల కుర్చీలో పెద్దమ్మ, వేపుడు రొట్టెల పళ్లాలు, ఆల్చిప్పల గిన్నెలు, ఒక ఉడికించిన పంది తొడ.

"పిన్నీ! నేను నలుగురన్నాను!"

"నలుగురే అనుకున్నాం. మిగతావాళ్లు ఊరుకుంటారా?" పిన్ని ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని బావురుమంది. "మీ అమ్మ ఉండి ఉంటే!"

"పిన్నీ, విను, అది నాకు కాదు..."

"నోర్ముయ్. చేరబోయే మనిషి మాట్లాడకూడదు. నీ తరఫున మేం మాట్లాడాలి. పద్ధతి మర్చిపోయావా ఆఫీసులో చేరి?"

"మావయ్యా, నువ్వైనా..."

"పిన్ని చెప్పింది వినవే. తల దించుకుని మధ్యలో నడువు" అన్నాడు హోహెపా, టై సర్దుకుంటూ.

అంతలో టాక్సీలోంచి పెట్టె లాగుతూ ఒక తెల్లాయన దిగాడు. ఒక్కడే. దిక్కులు చూస్తున్నాడు. పిన్నికి ప్రాణం చివుక్కుమంది.

"ఏం నాయనా, లోపలికేనా? వెంట ఎవరూ రాలేదా?"

"లేదండీ. మాది మెల్‌బోర్న్."

"అయ్యో పాపం! అలా అనాథలా ఎలా వెళ్తావు? మాతో రా. ఊరికే రావడం ఎందుకు, ఈ పళ్లెం పట్టుకో."

జూలియన్ కళ్లు మెరిశాయి. స్వాగతాల గురించి పుస్తకాల్లో చదివాడు గానీ రొట్టెల పళ్లెం సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఇదేదో లోతైన ఆచారమనుకుని, పళ్లెం గుండెలకు హత్తుకుని, పంది తొడ వెనకాల వరసలో నిలబడ్డాడు.

లోపల ఒకవైపు కంపెనీ పెద్దలు, ఎదురుగా వచ్చినవాళ్లు. అలిస్టర్ పక్కన కొత్త అధిపతికని ఖాళీ కుర్చీ ఒకటి. ఆ పక్కన ఎరానా గారు. గుంపు చివర జూలియన్ కనబడేసరికి ఫిలిపా చెయ్యి ఊపింది. అతను పళ్లెం ఎత్తి చూపించాడు.

"అప్పుడే ఎంతగా కలిసిపోయాడో చూడండి!" అంది అలిస్టర్ చెవిలో.

"అందుకే కదా ఎన్నుకున్నాం" అన్నాడాయన.

హోహెపా ముందుకు వచ్చి, చనిపోయిన పెద్దల పేర్లు తలుచుకుని, మాట్లాడడం మొదలుపెట్టాడు. మావోరీలో. ఆ కంపెనీలో ఆ భాష వచ్చిన మనిషి ఒక్కతే. ఆమె ఎదటి వరసలో తల దించుకుని ఉంది, నోరు విప్పబోయినప్పుడల్లా పిన్ని నడుం మీద గిల్లుతోంది.

"మిమ్మల్ని నేను చాలా తిట్టుకున్నాను. క్షమించండి. మా పిల్లని పాటలకీ ఫొటోలకీ వాడుకుని, కుర్చీ దగ్గరికొచ్చేసరికి మొహం చాటేసే రకం అనుకున్నాను. అవునా కాదా?"

అలిస్టర్ నవ్వుతూ తలూపాడు.

"మా ఒంటి రంగు పోస్టరు మీదైతే మీకు ముద్దు, గది లోపలైతే చేదు అనుకున్నాను."

అలిస్టర్ ఇంకా గట్టిగా తలూపాడు. ఫిలిపా కూడా ఊపింది.

"ఈ రోజు మీరు నన్ను అబద్ధాలకోరుని చేశారు. నా మేనకోడలికి ఆ కుర్చీ ఇచ్చారు. ఇదిగో, అప్పగిస్తున్నాం."

ఎరానా గారు వింటున్నారు. విని, కళ్లద్దాలు తుడుచుకుని రిపెకా వైపు ఆప్యాయంగా చూశారు. వెనక నుంచి అత్తలు గొంతెత్తి పాడారు. అద్దాలు అదిరాయి.

ఇప్పుడు అలిస్టర్ వంతు. కాగితం తీశాడు. కింద రాసిన అర్థం వైపు చూసే ఓపిక ఆయనకెప్పుడూ లేదు. పైన ఉన్నది మాత్రం గంభీరంగా చదివాడు. మీరు తెచ్చిన మనిషి మా మనిషి. ఈ కుర్చీ ఆ మనిషిదే. ఇక్కడ ఎవరూ కాదనరు.

మాట తర్వాత పాట ఉండాలి. లేకపోతే ఆ మాట గోచీ లేకుండా నిలబడ్డట్టే. కంపెనీ వైపు పాడేదెవరు? రిపెకా పిలిపించినవాళ్లంతా అవతల ఉన్నారు. ఫిలిపా నేల చూపులు చూసింది. లెక్కల విభాగంవాళ్లు దగ్గారు. ఆ నగ్నత్వం చూడలేక అత్తలే జాలిపడి, ఆయన తరఫున కూడా ఇంకో పాట పాడేశారు. పాట ముగుస్తుండగా పిన్ని రిపెకా చెయ్యి పట్టి గది దాటించి, అలిస్టర్ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టేసింది.

"ఇదేమిటి?" అన్నాడు అలిస్టర్ నవ్వు చెరగకుండా, పళ్ల సందుల్లోంచి.

"ఏమో. ఆచారంలో భాగమేమో" అంది ఫిలిపా.

ఎరానా గారు లేచారు. ఈసారి ఇంగ్లీషులో. "ఎవరో బయటి మనిషిని తెస్తున్నారని విన్నాను. మా ట్రస్టు ఇన్సూరెన్సు మీకివ్వకూడదని చెప్పడానికే ఈ రోజు వచ్చాను. వరదల్లో మా ఇళ్లు తిరిగింది ఈ పిల్లే. ఈ పిల్లని అధిపతిని చేశారంటే, సరే, సంతకం పెడతాను."

చప్పట్లు మోగాయి. జూలియన్ కూడా పళ్లెం చంకలో పెట్టుకుని కొట్టాడు. అలిస్టర్ మొహంలో రక్తం దిగిపోతోంది గానీ చేతులు కొడుతూనే ఉన్నాయి. ఒప్పందం పెద్దది.

ఆ క్షణంలో రిపెకా నోరు మూసుకుంటే చాలు. పోస్టు ఒళ్లో ఉంది. కానీ పొరపాటున వచ్చింది పొరపాటని తేలగానే పోతుంది. పైగా ఏడుస్తున్న పిన్నికి ఎదురుగా కూర్చుని అబద్ధపు కూడు తినడం ఆమె వల్ల కాలేదు. లేచి నిలబడింది.

"ఈ ఉద్యోగం నాకు రాలేదు. ఆయనకొచ్చింది." పళ్లెం వైపు చూపించింది. "ఆయన కోసం పాడమని పిలిచాను పిన్నీ. ఫోన్లో చెప్పలేకపోయాను."

పిన్ని మెల్లగా ఫిలిపా వైపు తిరిగింది.

"దీనికి రావలసినది ఇంకొకడికిచ్చి, వాడికి హారతి పట్టమని దీన్నే అడిగారా?"

"అమ్మా, మేం రంగు చూడమండీ. ప్రతిభ ఒక్కటే చూస్తాం."

"పాట కావాల్సొచ్చినప్పుడు రంగు చూసే కదా వెతుక్కుంటూ వెళ్లావు? అప్పుడు లెక్కలాయన్ని అడగలేదే?"

"అలా అంటే ఎలా? ఎంపికకి ఒక పద్ధతుంది..."

"ఎన్నుకునేవాళ్లంతా ఒకే క్లబ్బులో గోల్ఫాడే పద్ధతేనా?" అన్నాడు హోహెపా.

జూలియన్ పళ్లెం కింద పెట్టాడు. "ఇక్కడివాళ్లెవరూ దరఖాస్తు పెట్టలేదని నాతో చెప్పారు" అన్నాడు. అందరూ ఫిలిపాను చూశారు. ఫిలిపా తలుపును చూసింది.

"అలిస్టర్ గారూ, ఇందాక మా భాషలో మీరన్న మాటకి అర్థమేమిటి?" అనడిగారు ఎరానా గారు.

"నాకు... కచ్చితంగా తెలియదండీ."

"అర్థం తెలియకుండా మా చచ్చిపోయిన పెద్దల పేర్లు తలుచుకున్న చోట మాటిచ్చారన్నమాట." ఆమె సంతకానికి తీసిన కలం మళ్లీ సంచిలో వేసుకున్నారు.

"ఆగండి, ఆగండి! పోస్టు రిపెకాదే! ఇప్పుడే, ఇక్కడే!" అన్నాడు అలిస్టర్. శుక్రవారం నాడు లేని పరిణతి సోమవారం పదకొండింటికి వచ్చేసింది.

హోహెపా కర్ర నేల మీద ఒక్కసారి కొట్టాడు. "అప్పగించినవాళ్లకి వెనక్కి తీసుకెళ్లడం కూడా తెలుసు. లేవవే."

రిపెకా లేచింది. అత్తలు గిన్నెలు ఎత్తారు. పంది తొడ లేచింది. వచ్చిన గుంపు వచ్చినట్టే తలుపు దాటింది. జూలియన్‌ను ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. తను ఎవరితో వచ్చాడో వాళ్లతోనే వెళ్లాలనుకున్నాడు కాబోలు, పెట్టె లాక్కుంటూ బస్సెక్కాడు. పెద్దమ్మ అతనికి ఆల్చిప్పలు ఒలిచిపెట్టింది.

అలిస్టర్ రోడ్డు మీదికి పరిగెత్తి బస్సు కిటికీ పట్టుకున్నాడు.

"రిపెకా, ఏం కావాలో చెప్పండి. జీతమా? సొంత గదా?"

పన్నెండేళ్లలో ఆయన ఆమెను బతిమాలడం అదే మొదలు. ఆమె కిటికీ అద్దం కొంచెం దించింది.

"నేను మీ దగ్గరికి రావడం అయిపోయింది. మీరే మా దగ్గరికి రండి. ఆదివారం, మా వంశపు సభామందిరానికి. మీ బోర్డు మొత్తాన్నీ తెచ్చుకోండి. ఈసారి మేం ఇంటివాళ్లం, మీరు వచ్చినవాళ్లు. నన్ను ఎందుకు అడుగుతున్నారో మావాళ్లందరి ముందూ నిలబడి, అర్థం తెలుసుకుని మరీ చెప్పండి."

"తప్పకుండా. ఇంకేమైనా?"

"పాట కావాలి. మీరే పాడాలి. మావాళ్లెవరూ సాయం పట్టరు."

ఆదివారం బోర్డు సభ్యులు గేటు బయట వానలో చాలాసేపు నిలబడ్డారు. పిలుపు వచ్చేదాకా లోపలికి అడుగు పెట్టకూడదు మరి. వంటింట్లో జూలియన్ భుజాన తువ్వాలు వేసుకుని బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. అలిస్టర్ లోపలికి వచ్చి ఎంపిక ఎలా జరిగిందో చెప్పాడు. మొదట కొంచెం చెప్పాడు, ఎరానా గారు దగ్గేసరికి మొత్తం చెప్పాడు. ఫిలిపా ఏడ్చింది. పిన్ని ఆమెకు రుమాలిచ్చింది గానీ దగ్గర కూర్చోలేదు. చివరికి తొమ్మిదిమంది తెల్లదొరలు వరసగా నిలబడి, వారమంతా నేర్చుకున్న పాట చెమటలు కక్కుతూ పాడారు.

రిపెకా, ఆమె వెనక యాభైమంది అయినవాళ్లూ శ్రద్ధగా విన్నారు. విని, అన్నం పెట్టి, ఆలోచించి కబురు చేస్తామన్నారు.